కీమో వార్డులో ‘ఆ జబ్బు దాటినామె’ ఉండాలా, వద్దా?

గోదారి పిల్ల (చర్చ మొదలుపెట్టినవారు):
నాకు 46. కిందటేడాది క్యాన్సర్ వచ్చి ఎడమ రొమ్ము తీసేశారు, ఆ తర్వాత ఎనిమిది కీమోలు. రాజమండ్రి నుంచి హైదరాబాదు వచ్చి చేయించుకున్నాను. ఆస్పత్రి పేరు ఎందుకులెండి, వైద్యం బాగానే చేశారు. ఆపరేషనైన పదో రోజున కుట్లు చూపించుకోడానికి వెళ్లి బయట బెంచీ మీద కూర్చున్నాను. పక్కనున్నావిడ నా పైట వంక చూసి "లోపల ఏం పెట్టుకున్నావమ్మా?" అంది. రెండు చేతిరుమాళ్లు మడతపెట్టి పెట్టుకున్నానని చెప్పాను. నవ్వేసి, బాత్రూములోకి తీసుకెళ్లి తనది చూపించింది. పాత నేత చీర ముక్కతో కుట్టిన సంచి, లోపల దూది, అడుగున గుప్పెడు ఆవాలు. "ఉత్త దూదైతే మెడ దాకా ఎగదన్నుకొస్తుంది. బరువుంటే ఉన్నచోట ఉంటుంది" అంది. ఆవిడ ఆపరేషనై ఆరేళ్లయిందట.

పోతూ పోతూ ఇంకో మాట చెప్పింది. ఆ వైపు చేతికి గాజులు బిగుసుకుంటున్నాయంటే వాపు మొదలైనట్టేనట, వెంటనే చూపించుకోమంది. చంకలో గ్రంథులు తీసేస్తే చేతికి నీరు చేరొచ్చని నా డిశ్చార్జి కాగితంలోనూ ఉంది, ఇంగ్లీషులో. నా బుర్రకెక్కింది మాత్రం గాజుల మాటే.

మొన్న చెకప్పుకి వెళ్లినప్పుడు ఆస్పత్రివాళ్లని అడిగాను, ఇలాంటివాళ్లని వారానికి రెండు రోజులు వార్డులో కూర్చోబెట్టొచ్చు కదా అని. "వద్దమ్మా, పేషెంట్లు పేషెంట్లకి సలహాలు చెప్పడం మొదలెడితే మా ప్రాణానికొస్తుంది" అన్నారు. ఆ జవాబు నాకు మింగుడు పడలేదు. మీరేమంటారు?

సిరంజి:
ఆ మాట అన్నది నేను కాదుగానీ, నేనైనా అదే అందును. నర్సుని, కీమో డే కేర్‌లో పదకొండేళ్లుగా ఉన్నాను. ఒకావిడకి రెండో కీమో అయిన తొమ్మిదో రోజు రాత్రి 101 జ్వరం. ఏం చెయ్యాలని వాట్సాప్ గ్రూపులో అడిగింది. "నాకూ వచ్చింది, పారాసెట్మాల్ వేసుకుని పడుకున్నా, తెల్లారేసరికి తగ్గింది" అని ఇంకొకావిడ పెట్టింది. అందులో అబద్ధమేం లేదు, ఆవిడకి తగ్గింది. ఈవిడకి కీమో వల్ల, జబ్బుల్ని అడ్డుకునే తెల్లకణాలు అడుగంటి ఉన్నాయి. తెల్లారేసరికి ఐసీయూలో ఉంది. బతికి బయటపడింది, అంతవరకు అదృష్టం. కీమో మీద ఉన్నవాళ్లకి జ్వరం వస్తే అర్ధరాత్రయినా ఆస్పత్రికి రావాల్సిందేనని మేం గొంతు చించుకుని చెప్తాం. గ్రూపులో వచ్చిన ఒక్క మెసేజీ దాన్ని తుడిచేస్తుంది.

ఇక బొప్పాయాకు రసాలు, కషాయాలు సరే సరి. రొమ్ము క్యాన్సర్ మళ్లీ రాకుండా ఐదేళ్లు వాడాల్సిన టామోక్సిఫెన్ మాత్రని "లావైపోతున్నాం" అని ఐదు నెలలకే మానేసినవాళ్లు ఒకే గ్రూపులో ముగ్గురు దొరికారు నాకు.

కరీంనగర్ తమ్ముడు:
నర్సమ్మా, నువ్వు చెప్పింది నిజమే. నాదీ విను. మా అక్కకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్. ఇరవై ఐదు దినాలు కరెంటు (రేడియేషన్) పెట్టిండ్రు, తర్వాత లోపల్నించి కూడ పెట్టిండ్రు. జబ్బు తగ్గిందన్నరు. గని అక్క మాట్లాడుడు బంద్ చేసింది. బావ పక్కకు పోతే లేచి వేరే అర్రలకు పోతుండె. డాక్టరేమో మొగాయన, నేను తమ్ముణ్ణి, అమ్మ లేదు. అక్క ఎవ్వర్ని అడగాలె?

చెకప్‌కు వచ్చినప్పుడు సత్రంల ఒకామె కలిసింది, నల్గొండ దిక్కు. ఆమెకూ గదే జబ్బు, గదే కరెంటు. ఇద్దరూ మెట్ల మీద గంటన్నర కూసున్నరు. ఏం మాట్లాడుకున్నరో నాకు తెల్వది, తెల్వాల్సిన పనీ లేదు. తెల్లారి అక్కనే లేడీ డాక్టర్ ఉన్న గది యాడుందని అడిగింది. ఆ మాట ఏ కౌన్సెలర్ ఆమె నోట అనిపించలేదు.

పట్టికల పిచ్చోడు:
మేలు జరుగుతుందా అన్నదానికి పరిశోధనలు ఉన్నాయి, కాకపోతే అవి ఎవరి వైపూ పూర్తిగా మొగ్గవు. 1989లో అమెరికా మానసిక వైద్యుడు డేవిడ్ స్పీగెల్ బృందం లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫలితం వేసింది. ఒంట్లో పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 86 మందిని తీసుకున్నారు. వారం వారం గుంపుగా కూర్చుని మాట్లాడుకున్నవాళ్లు మిగతావాళ్లకంటే సగటున దాదాపు రెట్టింపు కాలం బతికారు. ప్రపంచమంతా ఎగిరి గంతేసింది. 2001లో కెనడాలో పమేలా గుడ్విన్ బృందం 235 మందితో మళ్లీ చేసి చూస్తే ఆయుష్షేం పెరగలేదు. దిగులు, నొప్పి మాత్రం తగ్గాయి, అదీ మొదట్నుంచీ ఎక్కువ దిగులుగా ఉన్నవాళ్లకి. పైగా ఈ గుంపుల్ని నడిపింది నిపుణులు, రోగులు కాదు.

ఇక్కడ మనం మాట్లాడుకుంటున్నదానికి దగ్గరగా ఉన్నది 1999లో విక్కీ హెల్గెసన్ బృందం చేసింది. 312 మంది ఆడవాళ్లు, ఎనిమిది వారాలు. కొందరికి జబ్బు గురించి, మందుల గురించి తరగతులు చెప్పారు. కొందరిని తమలో తాము మాట్లాడుకోమన్నారు. తరగతుల వల్ల మేలు కనిపించింది, ఉత్త మాటల గుంపు వల్ల మొత్తమ్మీద కనిపించలేదు. ఎవరికి ఎలా పనిచేసిందని విడదీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఇంట్లో భర్త ఆసరా లేనివాళ్లకి మాటల గుంపు పనికొచ్చింది. ఆసరా బాగా ఉన్నవాళ్లకి ఎంతోకొంత చెరుపే చేసింది. కరీంనగర్ అక్క ఏ కోవలోకి వస్తారో మీరే చూసుకోండి. అందరికీ ఒకే మందు రాసే డాక్టర్ని మనం ఒప్పుకోం, తోడు విషయంలో మాత్రం అందరికీ ఒకటే అంటాం.

నాలుగో దశ:
నాకు క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది. మా ఆస్పత్రిలో ఒకసారి ఇలాంటి ఆవిణ్ణి పిలిచారు. గులాబీ చీర కట్టుకుని వచ్చి "నేను పోరాడి గెలిచాను, మీరూ గెలుస్తారు" అంది. ఆవిడది మొదటి దశ. నాది ఇక పూర్తిగా తగ్గేది కాదని డాక్టరు అప్పటికే చెప్పేశారు. అంటే నేను పోరాడనట్టా? ఆ మధ్యాహ్నం మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను. నాకు కావాల్సింది, నాలాగే మందులు మింగుతూ రోజూ బస్సెక్కి ఆఫీసుకెళ్లే ఇంకో మనిషి. దొరికితే చెప్పండి.

న్యూజెర్సీ కోడలు:
పై పోస్టు చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదు. జత కుదర్చడమే ఇందులో అసలు పని అనిపించింది.

అమెరికాలో ఇది పాత గొడవే. న్యూయార్క్‌లో టెరీస్ లాసర్ అనే ఆవిడకి 1952లో రొమ్ము తీసేశారు. చెయ్యి ఎలా ఎత్తాలో, లోపల ఏం పెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు. కోలుకున్నాక తనే వార్డులకి వెళ్లడం మొదలుపెట్టింది. చేతి వ్యాయామానికి ఒక బంతి, తాడు, తాత్కాలికంగా పెట్టుకోడానికి ఒక మెత్త పట్టుకెళ్లేది. చాలామంది సర్జన్లకి ఒళ్లు మండింది. అయినా ఆ పని ‘రీచ్ టు రికవరీ’గా పెరిగి, 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ కిందికి వచ్చింది. వలంటీర్లకి శిక్షణ ఇస్తారు. వైద్యం గురించి సలహా చెప్పకూడదన్నది అందులో గట్టి నియమం. మన దేశంలోనూ ఇది లేకపోలేదు. ఢిల్లీలో హర్మాలా గుప్తా, ముంబయిలో వందనా గుప్తా, ఇద్దరూ క్యాన్సర్ దాటి వచ్చినవాళ్లే, 1990లలోనే ఈ పని మొదలుపెట్టారు.

ముక్కుసూటి:
అందరూ మంచి మాటలు చెప్తున్నారు. అలా వార్డుకొచ్చే ఆవిడ బస్సు ఛార్జీ ఎవరిస్తారు? మధ్యాహ్నం భోజనం? కౌన్సెలర్ జీతం మిగుల్చుకోడానికి ఆస్పత్రులు పేషెంట్ల మంచితనాన్ని వాడుకుంటాయి. రొమ్ము క్యాన్సర్ అవగాహన నెలని అక్టోబరులో రిబ్బన్లు కట్టి ఫొటోలకి పిలుస్తాయి. నవంబరులో గుర్తుండదు.

గోదారి పిల్ల:
నాలుగో దశ గారూ, మీ పోస్టు నాలుగుసార్లు చదివాను. "మనం గెలుస్తాం" అని నేనూ ఇద్దరితో అన్నాను. వాళ్లది ఏ దశో కనుక్కోలేదు.

సిరంజి గారూ, మీ జ్వరం కథకి నా దగ్గర జవాబు లేదు. కాకపోతే ఆ గ్రూపు ఎందుకు పుట్టింది? రాత్రి పదకొండింటికి అడగడానికి ఇంకో చోటు లేక. దాన్ని మీరు మూయించలేరు. వార్డులో మీ కళ్లముందు, మీరు నేర్పిన మనిషి ఉంటే "జ్వరమా, ఫోన్ పెట్టేసి ఆటో ఎక్కు" అని మొదట చెప్పేది ఆవిడే. మందు మాట ఎత్తకూడదు, జత చూసి పంపాలి, బస్సు ఛార్జీ ఇవ్వాలి. ఈ మూడూ కాగితం మీద రాసి మళ్లీ అడుగుతాను. మళ్లీ వద్దంటే బెంచీ ఎలాగూ ఉంది. వచ్చే నెల చెకప్పుకి ఆవాల సంచులు నాలుగు కుట్టి పట్టుకెళ్తున్నాను.

సిరంజి:
కాగితం రాయండి, మా ఆస్పత్రిలోనూ ఇస్తాను. సంచుల సంగతి మాత్రం ఒక్కటి వినండి. కుట్లు పూర్తిగా మానేదాకా ఆవాలు పెట్టకూడదు, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉత్త దూదే. ఆ బెంచీ ఆవిడ మీకు పదో రోజున చూపించింది, మీరు వెంటనే కుట్టుకోకపోయి ఉంటే అదృష్టమే. ఆవాల పొట్లం విడిగా కుట్టండి, ఉతికేటప్పుడు తీసేయడానికి వీలుగా. తడిస్తే మొలకలొస్తాయి.