బెర్లిన్‌లో స్టేడియం పక్కన రూమ్ తీసుకోవచ్చా?

కొత్తగా వస్తున్న స్టూడెంట్:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ. మాస్టర్స్ చదవడానికి అక్టోబర్‌లో బెర్లిన్ వస్తున్నాను. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఒలింపియాస్టాడియోన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక రూమ్ కనిపించింది. తీసుకోమంటారా? మ్యాచ్ టికెట్లు దొరుకుతాయా?

స్పాండావ్ వాసి:
టికెట్ల గురించి బెంగ వద్దు తమ్ముడూ. అక్కడ ఆడే హెర్తా జట్టు 2023లో రెండో డివిజన్‌కి పడిపోయింది. స్టేడియంలో 74 వేలకి పైగా సీట్లున్నాయి, చాలా మ్యాచ్‌లకి తేలిగ్గానే దొరుకుతాయి. మ్యాచ్ లేని రోజు కూడా టికెట్ కొని లోపలికెళ్లి చూడు. 1936 ఒలింపిక్స్‌కి కట్టిన రాతి కట్టడం అది. 2006 వరల్డ్ కప్ ఫైనల్లో జిదాన్ ఎదుటి ఆటగాడిని తలతో గుద్దింది ఆ గడ్డి మీదే. 2009లో బోల్ట్ 9.58 సెకన్లలో పరుగెత్తింది ఆ నీలం ట్రాక్ మీదే. పెద్ద బ్యాగు మాత్రం తేవద్దు, గేటు దగ్గర ఆపేస్తారు.

కోపెనిక్ వాసి:
ఆ ట్రాకే అసలు సమస్య. గోల్ వెనక కూర్చుంటే ఆటగాళ్ల నంబర్లు కూడా కనపడవు. తమ్మీ, నా మాట విని మా కోపెనిక్‌ల యూనియన్ జట్టు ఆడే గ్రౌండు, ఆల్టే ఫోర్‌స్టెరైకి రా. 22,012 మంది పడతరు, అందులో నాలుగోవంతు కూడా సీట్లుండవు, మిగిలినోళ్లంత నిలబడుడే. 2008, 2009లో స్టేడియం బాగుచేసుకునే పైసల్లేకపోతే రెండు వేల మందికి పైగా అభిమానులే వచ్చి సిమెంటు కలిపి మెట్లు కట్టుకున్నరు. లక్షా నలభై వేల గంటల పని, కూలి లేదు. పదేళ్లకి, 2019ల, ఆ జట్టు మొదటి డివిజన్ బుండెస్‌లీగాకి ఎక్కింది. గసోంటి గ్రౌండు ఇంకెక్కడుంది?

స్పాండావ్ వాసి:
అంత గొప్ప గ్రౌండైతే 2023లో మీ యూనియన్‌కి చాంపియన్స్ లీగ్ ఆడే చాన్స్ వచ్చినప్పుడు రియల్ మాడ్రిడ్‌ని మా ఒలింపియాస్టాడియోన్‌కే ఎందుకు పిలిచారు?

కోపెనిక్ వాసి:
మా గ్రౌండుల అందరికీ జాగా సరిపోదు గనక. ఎక్కువ మంది చూడాలనే అటు పోయినం. అది జనం కోసం చేసిన పని.

ఫ్రీడ్రిక్స్‌హైన్ అక్క:
మీ ఇద్దరి గొడవ తర్వాత. ముందు ఆ రూమ్ సంగతి చూడనివ్వండి. నాన్నా, ఆ ఓనర్ అన్మెల్డుంగ్‌కి, అంటే ఆ అడ్రస్ మీద నీ పేరు ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేసుకోవడానికి, ఒప్పుకుంటాడా? నేను వచ్చిన కొత్తలో ఆ స్టేడియం వైపే ఒక సబ్‌లెట్ తీసుకున్నాను. మూడు నెలల డిపాజిట్ మొత్తం తాళం ఇచ్చేముందే కావాలన్నాడు. నిజానికి డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటే (హీటింగ్ లాంటి ఖర్చులు కలపని అద్దె) దాటకూడదు, దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు మనకుంది. అది చూపించినా వినలేదు. చేరాక రిజిస్ట్రేషన్ కాగితం మీద సంతకం పెట్టమంటే ఇవాళ, రేపు అంటూ తిప్పాడు. చివరికి "ఈ అడ్రస్ మీద కుదరదు" అన్నాడు. అన్మెల్డుంగ్ లేక నాకు టాక్స్ నంబర్ రాలేదు. పార్ట్‌టైమ్ జీతంలో అన్నిటికంటే ఎక్కువ కోత పడే ఆరో క్లాసు పన్ను కోసేశారు. ఇంట్లో దిగిన రెండు వారాల్లో రిజిస్టర్ చేసుకోవాలి, ఓనర్ ఆ కాగితం ఇచ్చి తీరాలి, ఇది చట్టం. బెర్లిన్‌లో ఏ బ్యుర్గెరామ్ట్‌లోనైనా (పౌర సేవల ఆఫీసు) చేసుకోవచ్చు, నీ పేటదే కానక్కర్లేదు. ఖాళీ చేశాక డిపాజిట్ కోసం అతని వెంటపడి ఎంత ఏడ్చానో. అక్కడ లీగ్ మ్యాచ్ ఏడాదిలో పదిహేడు రోజులుంటుంది, అద్దె ప్రతి నెలా కట్టాలి. కాగితం ఇస్తాననే మాట మెయిల్‌లో రాయించుకున్నాకే డబ్బు పంపు.

వెడ్డింగ్ వాసి:
అక్క చెప్పింది అక్షరాలా నిజం. ఇంకోటి, స్టేడియం పక్కనే ఉండాల్సిన పని లేదు. ఎస్3 రైలు ఒక్కటే స్పాండావ్ నుంచి ఒలింపియాస్టాడియోన్ మీదుగా కోపెనిక్ దాకా పోతుంది. ఆ లైను మీద ఎక్కడ ఇల్లు దొరికినా రెండు గ్రౌండ్లూ నీవే. హ్యాండ్‌బాల్ కూడా చూడు. మాక్స్ ష్మెలింగ్ హాల్‌లో ఆడే ఫ్యూక్సే జట్టు వాళ్లు 2025లో జర్మనీ చాంపియన్ అయ్యారు.

స్పాండావ్ వాసి:
క్రికెట్ ఎవరూ చెప్పలేదేం? ఒలింపియాస్టాడియోన్ వెనకున్న మైఫెల్డ్ 1994 దాకా బ్రిటిష్ సైన్యం చేతిలో ఉండేది. వాళ్లు పోయాక కూడా ఏళ్ల తరబడి క్లబ్బులు అక్కడ క్రికెట్ ఆడాయి.

కొత్తగా వస్తున్న స్టూడెంట్:
అక్కా, చాలా థాంక్స్. ఇవాళే ఓనర్‌కి మెయిల్ రాస్తాను. అన్నా, యూనియన్ టికెట్ ఎలా?

కోపెనిక్ వాసి:
మగవాళ్ల మ్యాచ్‌లకి ముందు సభ్యులకే అమ్ముతరు, మెంబర్‌షిప్ తీసుకోక తప్పదు. ఆలోపు మహిళల జట్టు మ్యాచ్‌కి పో. 2025ల వాళ్లు కూడా మొదటి డివిజన్‌కి ఎక్కిన్రు, ఆడేది అదే గ్రౌండుల, టికెట్ సులువుగా దొరుకుతది. కోపెనిక్ స్టేషన్ల దిగి ఎర్ర మఫ్లర్లు ఎటు పోతే అటు నడువు.