పిల్లల నాటకంలో చేర్పించాలంటే తల్లిదండ్రులూ డ్యూటీ చేయాలా? (బరంపురం, ఒడిశా)

కొట్టు_నాన్న:
మా తెలుగు సంఘం వేసవిలో వేయించే పిల్లల నాటకానికి ఫారం ఇచ్చారు. రుసుము 1,500. హాలు అద్దెకి, మైకులకి, దుస్తులకి అన్నారు, ఇస్తాను. రిహార్సల్‌కి రాలేని రోజులు ముందే రాసివ్వాలి, చివరి వారం ఒక్కపూట కూడా మానకూడదు, అదీ సరే. కానీ ప్రతి ఇంటినుంచి ఒకరు తెర వెనక పని చేయాలట, లేకపోతే పిల్లకి వేషం లేదట. నేను కొట్టు కట్టేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. మా ఆవిడ నర్సు, షిఫ్టులు. వేషం పిల్లకా, మాకా?

తెరవెనక_అక్క:
బాబూ, ఆ షరతు పెట్టాలని పట్టుబట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. నాటకం రోజు వెనక ఏం జరుగుతుందో ముందు కూర్చున్నవాళ్లకి తెలియదు. ఒకడికి దాహం, ఒకత్తికి మీసం ఊడిపోతుంది, ఇంకొకడు తన సీను వచ్చేసరికి బయట ఐస్‌క్రీం బండి దగ్గర ఉంటాడు. ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గది దగ్గర ఎవరుండాలి? నాటకం అయ్యాక ఫారంలో పేరున్న మనిషికి తప్ప పిల్లని ఎవరికీ అప్పగించకూడదు, మరి గేటు దగ్గర నిలబడి అది చూసేదెవరు? డైరెక్టర్ ఒక్కడు ఏం చూస్తాడు? రోజూ రమ్మనలేదు. ఇంట్లో కూర్చుని దుస్తులు కుట్టొచ్చు, ఆదివారం అట్టలతో కిరీటాలు చేయొచ్చు. ఏ రోజు ఏ సీనో చార్టు ఇస్తారు, ఆ సీనులో ఉన్న పిల్లలే రావాలి. రిహార్సల్ హాల్లోకి మాత్రం తల్లిదండ్రులు రాకూడదు. తల్లి కనబడితే పిల్ల ఎదుటి పాత్రని వదిలేసి అమ్మ మొహం చూస్తూ డైలాగు చెబుతుంది.

ఛత్రపురం_వాసి:
సెలవులివ్వకముందు పొద్దుటి బడి, సాయంత్రం రిహార్సల్. ఆ ఎండలకి పిల్లలు పడిపోతారు.

లా_చదివా:
బాలకార్మిక చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం బాలనటుల చేత రోజుకి 5 గంటలకి మించి చేయించకూడదు. విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. ఫారంలో ఇది లేదు.

తెరవెనక_అక్క:
అది సినిమాలకి, సీరియళ్లకి పిల్లల్ని పెట్టుకునేవాళ్ల కోసం. మనది రెండు గంటల రిహార్సల్, మధ్యలో మజ్జిగ.

లా_చదివా:
అయినా ఫారంలో రాయాలి.

పాత_మాస్టారు:
డ్యూటీల గొడవ ఆపి, మన పిల్లలు వేదికమీద ఏ తెలుగు మాట్లాడుతున్నారో చూడండి. 'అ'ని 'ఒ'లా పలుకుతారు, 'ఎ'కీ 'ఏ'కీ తేడా తెలియదు. చుట్టూ ఒడియా, బడిలో ఒడియా, ఇంగ్లీషు. 'తెలుగు చదవడం వచ్చా' అనే ప్రశ్న ఫారంలో పెట్టించింది నేనే.

కొట్టు_నాన్న:
మీరేనా! అయితే వినండి. పోయినసారి మా పిల్ల డైలాగులన్నీ ఒడియా అక్షరాల్లో రాసుకుని, ఒక్క ముక్క తప్పకుండా బట్టీపట్టింది. వేషాలు పంచినాయన దాని నోటివెంట ఒక్క డైలాగైనా వినకుండా చేతిలో కాగితం చూసి, ముందు తెలుగు నేర్చుకో అని గుంపులోకి పంపేశాడు. ఇంటికొచ్చి, మనం తెలుగువాళ్లం కాదా నాన్నా అని అడిగింది. ఆ గుంపులో నిలబెట్టడానికి నేను కొట్టు కట్టేసి వచ్చి తెరలు లాగాలా? డ్యూటీ చేయడానికి మేం తెలుగువాళ్లం, వేషమిచ్చేటప్పుడు కాదు!

జయపురం:
అదా సంగతి. మొదటి పోస్టులోనే చెప్పాల్సింది.

పాత_మాస్టారు:
మీ పిల్లమీద నాకు కోపం లేదు. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మనం ఇవతల ఉండిపోయాం. అప్పటినుంచి బడుల్లో తెలుగు తగ్గుతూనే ఉంది. మనకి మిగిలింది వేదిక ఒక్కటే. అక్కడా అక్షరం అక్కర్లేదంటే ఇంకెక్కడ నేర్చుకుంటారు? గిడుగు రామమూర్తి గారు నడిచిన నేల మనది.

పర్లాకిమిడి_మనవరాలు:
మాస్టారూ, గిడుగు వారు పాఠాలు చెప్పింది మా ఊళ్లోనే. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా పోరాడారు. సవర గిరిజనుల మధ్యకి వెళ్లి వాళ్ల భాష నేర్చుకుని, ఆ భాషలో వాళ్ల పిల్లలకి పాఠపుస్తకాలు రాశారు. ఆయన పేరు చెప్పి, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లని వెనక్కి పంపడం నాకు నచ్చలేదు.

పాత_మాస్టారు:
ఆయన లిపి వద్దనలేదమ్మా.

తెరవెనక_అక్క:
మాస్టారూ, డ్యూటీ విషయంలో నా మాట మారదు, కానీ ఈ సంగతిలో నేను ఆ పిల్ల నాన్న పక్షం. నాటకం నోటితో ఆడేది. సురభి కుటుంబాల్లో పసిపిల్లలు వేదికమీదే పెరిగారు. మన ఊరి అమ్మవారి పండగ ఠాకురాణి యాత్రలో మొక్కు తీర్చుకోవడానికి వేషం కట్టే పిల్లాణ్ణి నీకు ఏ అక్షరాలు వచ్చని ఎవరూ అడగరు. మొదటి వారం ఎవరి చేతికీ కాగితం ఇవ్వకుండా, విని పట్టుకోమందాం. పలుకు మీరు దిద్దండి. అది మీకంటే బాగా చేసేవాళ్లు ఈ ఊళ్లో లేరు.

పాత_మాస్టారు:
తప్పుగా విన్నది తప్పుగానే ఉండిపోతుంది. అక్షరం ముందు.

కొట్టు_నాన్న:
అయితే నా ఫారం ఇవ్వను. ఆ ప్రశ్న కొట్టేయండి, కొట్టు ఆరింటికే కట్టేసి గేటు దగ్గర నేనే నిలబడతాను.

తెరవెనక_అక్క:
ఆదివారం కమిటీ కూర్చుంటుంది. ఆ ప్రశ్న తీసేయాలని నేను అడుగుతాను. మాస్టారూ, మీరూ రండి. బాబూ, పిల్లని తీసుకురా. కాగితం లేకుండా ఆ డైలాగులు అందరి ముందూ చెప్పించు.

లా_చదివా:
విరామం సంగతి కూడా అజెండాలో పెట్టండి.