పర్లాకిమిడిని ఒడిశాలో కలిపింది తెరవెనక శక్తులేనా?

మహేంద్రతనయ:
1933లో బ్రిటిష్ ప్రభుత్వం భారత పాలనా సంస్కరణల మీద తెచ్చిన శ్వేతపత్రంలో మన పర్లాకిమిడి కొత్తగా ఏర్పడబోయే ఒడిశాలో లేదు. 1934లో పార్లమెంటు జాయింట్ కమిటీ నివేదిక వచ్చేసరికి చేరిపోయింది. ఈ మధ్యలో ఏం జరిగింది? లండన్‌లో ఏదో రహస్య సంఘం తలుపులు మూసుకుని గీత గీసిందని వాట్సాప్‌లో వస్తోంది. నాకు నిజమే అనిపిస్తోంది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1936లో ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారంటే ఎంత మండి ఉంటుంది!

బరంపురం మాస్టారు:
తలుపులు ఎవరూ మూయలేదు బాబూ. మన పర్లాకిమిడి రాజు కృష్ణచంద్ర గజపతి లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో అందరి ఎదుటే ఒడిశా రాష్ట్రం అడిగారు. తర్వాత సరిహద్దులు తేల్చడానికి ఓడొనెల్ కమిటీ వేశారు. మనవాళ్లూ అర్జీలు పెట్టారు, నెగ్గలేదు. చివరికి ఆయన ఎస్టేటే రెండు ముక్కలై, పాతపట్నం వైపుది మద్రాసులో ఉండిపోయింది. లండన్ ఆయన చెప్పినట్టు ఆడితే అలా జరగనిస్తారా?

మహేంద్రతనయ:
శ్వేతపత్రం మాటకు జవాబేది? 33లో లేనిది 34లో ఎలా వచ్చింది?

గుణుపురం కుర్రాడు:
1937లో ఒడిశా మొదటి ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) ఎవరో చూడండి. రాజావారే.

బరంపురం మాస్టారు:
ఏప్రిల్‌లో ఎక్కి జూలైలో దిగిపోయారు. ఎన్నికల్లో గెలిచింది కాంగ్రెస్. వెనక అంత శక్తి ఉంటే మూడున్నర నెలలేనా?

మహేంద్రతనయ:
మీకేం మాస్టారూ, పెన్షన్ తీసుకుంటూ ఎన్నయినా చెబుతారు. మొన్న పాతపట్నం నుంచి మా అక్క కూతురి పెళ్లికార్డు వచ్చింది. ఏడో తరగతి చదివే మా పాప అక్షరాల మీద వేలు పెట్టి "నాన్నా, ఇదెవరి పేరు?" అంది. అది మా నాన్న పేరు. వాళ్ల బడిలో తెలుగు మాస్టారు రిటైరై నాలుగేళ్లయింది. ఏరు దాటితే అంతా తెలుగే. ఎవరో పనిగట్టుకుని చేయకపోతే మాకీ గతి పడుతుందా?

టెక్కలి అల్లుడు:
పాప మాట చదివి మనసు పాడైంది అన్నా.

బరంపురం మాస్టారు:
ఈ మాట ముందే చెప్పాల్సింది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. లండన్‌లో ఎవరో చేశారని నమ్మితే ఇక మనం వెళ్లి అడిగేది ఎవరిని? ముప్పై ఏళ్లు తెలుగు చెప్పాను. నా తర్వాత ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. భర్తీ చేయమని అర్జీ రాసి ఇంటింటికీ తిరిగితే పదకొండు సంతకాలు దొరికాయి. మీ లండన్ మెసేజ్ నాకు ఆరు గ్రూపుల్లో వచ్చింది.

మహేంద్రతనయ:
ఆ అర్జీ ఉంటే పంపండి, మా వీధిలో నేను పెట్టిస్తాను. శ్వేతపత్రం సంగతి మాత్రం ఒప్పుకోను.