దొంతర, ఒంటిపొర, ఎక్సైటాన్: ఏ మాట వాడదాం?

ప్రశ్న: నమస్కారమండీ. ఇంటర్ పిల్లల కోసం ఒక సైన్సు వ్యాసం రాస్తున్నాను. మహా పల్చని అర్ధవాహకాల పొరల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి, వాటిమీద కాంతి వేస్తే ఏమవుతుందన్నది విషయం. మోనోలేయర్‌కి ‘ఏకపరమాణు పొర’ అని, స్టాక్‌కి ‘పొరల సముదాయం’ అని రాశాను. చదువుతుంటే పంటికింద రాయిలా తగులుతున్నాయి. మంచి మాటలుంటే చెప్పండి.

జవాబు: ముందు ‘ఏకపరమాణు పొర’ తీసేయండి. వినసొంపు సంగతి పక్కన పెట్టినా, అది తప్పు. గ్రాఫీన్‌కైతే సరిపోతుంది, అక్కడ నిజంగానే ఒక్క వరస కార్బన్ పరమాణువులే. మీరు చెప్పేవి అర్ధవాహకాలు. మాలిబ్డినం డైసల్ఫైడ్‌నే తీసుకోండి. దాని ఒక్క పొరలో మూడు వరసలుంటాయి: పైన గంధకం, నడుమ మాలిబ్డినం, కింద మళ్లీ గంధకం. మూడూ కలిపి మందం 0.65 నానోమీటర్లు. ఈ మూడు వరసల మధ్య బంధాలు గట్టివి. ఒక పొరకీ దాని పైపొరకీ మధ్య మాత్రం వాండర్ వాల్స్ అనే బలహీనమైన ఆకర్షణ తప్ప ఏమీ లేదు. అందుకే ఆ పదార్థం గ్రీజులో కలపడానికి పనికొస్తుంది. టేపు అంటించి లాగితే పొరలుగా ఊడి వచ్చేదీ అందుకే.

కాబట్టి ‘ఒంటిపొర’ అనండి, రెండైతే ‘జంటపొర’.

స్టాక్‌కి ‘దొంతర’ ఉండగా సముదాయం ఎందుకు? మబ్బుల దొంతర అంటాం, దొంతర మల్లెలు అంటాం. కుండల దొంతి కూడా ఈ కోవదే. దొంతిలో ఏ కుండా పక్క కుండకి అతుక్కోదు, ఊరికే కూర్చుంటుంది. ఈ పొరలూ అంతే, ఏ పదార్థం మీద ఏ పదార్థమైనా కూర్చుంటుంది. మామూలుగా ఒక స్ఫటికం మీద ఇంకో స్ఫటికాన్ని పెంచాలంటే పరమాణువుల ఎడం రెండింటిలోనూ ఇంచుమించు సరిపోవాలి. దొంతరకి ఆ టెన్షన్ లేదు.

వ్యాఖ్య: ‘ఏకపొర’ అంటే పోలా? చిన్నగా ఉంటుంది.

జవాబు: సంస్కృతం మాటకి తెలుగు మాట అతికించారు, ఇది వైరి సమాసం అని ఎవరో ఒకరు లేస్తారండీ. నాకైతే పట్టింపు లేదు, ఏకబిగిన చదివేవాళ్లం ఏకపొరకి అడ్డం చెప్పడమేమిటి? ఒంటిపొర చెవికి బాగుంది, అంతే. ఏదో ఒక సొంత పేరు మాత్రం ఉండాల్సిందే, ఎందుకంటే కాంతి విషయంలో అది వేరే పదార్థం. మందపాటి మాలిబ్డినం డైసల్ఫైడ్ ముక్కమీద లేజరు వేస్తే తిరిగి వెలిగేది దాదాపు ఏమీ ఉండదు. కాంతి శక్తితో పైస్థాయికి లేచిన ఎలక్ట్రాన్‌కీ అది వదిలి వెళ్లిన ఖాళీకీ ద్రవ్యవేగాలు కలవవు, శక్తి చాలావరకు వేడిగా పోతుంది. ఒంటిపొరలో రెండూ కలుస్తాయి, ఎర్రని కాంతి వస్తుంది. 2010లో కొలంబియా, బర్కిలీ విశ్వవిద్యాలయాల బృందాలు విడివిడిగా చూపించింది ఇదే. వెలిగే సామర్థ్యం పదివేల రెట్లకు పైగా పెరిగిందని కొలంబియావాళ్లు కొలిచారు. అదే పదార్థం ఇంకో పొర చేరిందంటే వెలుగు మళ్లీ పడిపోతుంది.

వ్యాఖ్య: మరి ఎక్సైటాన్‌ని ‘ఉత్తేజకం’ అందామా?

జవాబు: ఉత్తేజకం అంటే నాకు కాఫీ గుర్తొస్తుంది. ఎక్సైటాన్ అనే ఉంచండి, ఎలక్ట్రాన్‌ని ఉంచలేదూ? పాఠ్యపుస్తకాల్లో హోల్‌కి వాడే ‘రంధ్రం’ మీదే నాకు అసలు పేచీ. అక్కడ చిల్లేమీ లేదు, ఎలక్ట్రాన్ లేచిపోయాక మిగిలిన ఖాళీ మాత్రమే ఉంది. ఆ ఖాళీ ధనావేశంలా ప్రవర్తిస్తుంది, ఎలక్ట్రాన్ దానివైపే లాగబడుతుంది, ఆ జంటే ఎక్సైటాన్. గాలియం ఆర్సెనైడ్ అనే మామూలు అర్ధవాహకంలో ఈ జంటని విడగొట్టడానికి 4 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు చాలు, గది వేడికే విడిపోతుంది. ఒంటిపొరల్లో వందల్లో కావాలి. చుట్టూ ఆ జంట ఆకర్షణని తగ్గించే పదార్థం లేకపోవడం ఇందుకు ఒక కారణం.

దొంతరలో ఇంకో తమాషా. మాలిబ్డినం డైసెలినైడ్, టంగ్‌స్టన్ డైసెలినైడ్ ఒంటిపొరల్ని కలిపి పేర్చి కాంతి వేస్తే, ఎలక్ట్రాన్ మొదటిదాంట్లోకీ, ఖాళీ రెండోదాంట్లోకీ చేరతాయి. పొరకొకరు, అయినా జంట విడిపోదు. చెరో పొరలో ఉండటంతో ఒకదాన్ని ఒకటి పూరించుకోవడం ఆలస్యమవుతుంది, ఆ జంట నానోసెకన్లపాటు నిలుస్తుంది. చివరికి వచ్చే కాంతి రెండు పొరలు విడివిడిగా ఇచ్చేదానికన్నా తక్కువ శక్తిది, కంటికి కనిపించని పరారుణం. దీన్ని ‘పొరల నడిమి ఎక్సైటాన్’ అని రాయొచ్చు.

ప్రశ్న: అన్నీ నచ్చాయండీ, ధన్యవాదాలు. ఒక్కటి మిగిలింది. ‘మ్వారే’కి ఏమంటారు?

జవాబు: మ్వారే అనే రాసి, ఒక వాక్యంలో విప్పి చెప్పండి. రెండు దోమతెరలు కాస్త వంకరగా ఒకదానిమీద ఒకటి పడితే, ఏ తెరలోనూ లేని పెద్ద పెద్ద గళ్లు కనిపిస్తాయే, అదే. పొరని కొద్దిగా తిప్పి పేర్చినప్పుడు పరమాణువుల వరసలూ అలాంటి గళ్లే వేస్తాయి. ఎక్సైటాన్లు ఆ గళ్లలో చిక్కుకుంటాయని 2019లో నాలుగు బృందాలు ‘నేచర్’ పత్రికలో చూపించాయి. కోణం మార్చితే గడి సైజు మారుతుంది, వచ్చే కాంతీ మారుతుంది. ‘గళ్ల దొంతర’ అని ఉపశీర్షిక పెట్టినా నేను అభ్యంతరం చెప్పను.