నీతి లేని సినిమా పిల్లలకు చూపించకూడదా?

వేసవి సెలవుల్లో మా కాలనీ పిల్లలకు ప్రొజెక్టర్ పెట్టి పాత సినిమాలు చూపిద్దామనుకున్నాం. ఏవి వేయాలన్న దగ్గరే పేచీ వచ్చింది. రిటైరైన మాస్టారొకరు సందేశం ఉన్నవే వేద్దామంటారు. ఆయన మొదట చెప్పింది 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘మాలపిల్ల’. అంటరానితనం మీద ఆ రోజుల్లోనే అంత ధైర్యంగా తీశారు, కాదనడానికి లేదు.

నేను 1957 నాటి ‘మాయాబజార్’ అడిగాను. ‘అందులో నేర్చుకునేదేముంది?’ అన్నారు. నీతి ఏమిటంటే నేనూ చెప్పలేను. కానీ పెళ్లివంటల ముందు ఎస్వీ రంగారావు నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరి వస్తుంటే పిల్లలు కళ్లార్పరు. మాయా శశిరేఖగా సావిత్రి ఉన్నట్టుండి ఘటోత్కచుడిలా ఠీవి చూపించి, అంతలోనే వయ్యారంగా మారిపోతుంది. మనిషిని అంత నిశితంగా గమనించడం కూడా జీవితం గురించి తెలుసుకోవడమే అని నా నమ్మకం.

మాస్టారిని నొప్పించకుండా ఈ మాట ఎలా చెప్పాలి? పిల్లలకు ఇలా సినిమాలు వేసినవాళ్లెవరైనా ఉంటే, చూశాక వాళ్లు దేని గురించి ఎక్కువ మాట్లాడుకున్నారో దయచేసి చెప్పండి. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు నచ్చే పాత తెలుగు సినిమాలు ఇంకేం వేయొచ్చు?