ప్రచార సభల్లో వేసిన బొమ్మలతో ఎగ్జిబిషన్: నాయకుల ముఖాలు ఉంచాలా, తీసేయాలా?

గోదారిగీత
అందరికీ నమస్కారం. 2024 ఎన్నికలప్పుడు మార్చి నెలాఖరు నుంచి మే 11 సాయంత్రం మైకులు ఆగిపోయేదాకా గోదావరి జిల్లాల్లో అన్ని పార్టీల సభలకీ, రోడ్‌షోలకీ తిరిగి బొమ్మలు వేశాను. బాల్‌పెన్ను, చిన్న స్కెచ్ బుక్కులు, అంతే. తొమ్మిది పుస్తకాలు నిండాయి. ఇప్పుడు ఒక గ్యాలరీ వాళ్లు వారం రోజులు హాలు ఇస్తామన్నారు గానీ, నాయకుల ముఖాలున్న బొమ్మలు తీసేయమంటున్నారు, ఎవరి అభిమానులొచ్చి గొడవ చేస్తారో అని వాళ్ల టెన్షన్. అవి తీసేస్తే ఎన్నికలు కాదు, ఏదో జాతర బొమ్మలు పెట్టినట్టుంటుంది. పైగా ఒక పార్టీవి ఎక్కువ, ఇంకో పార్టీవి తక్కువ ఉన్నాయి. ఏం చేయమంటారు?

రంగులపెట్టె
బ్రిటన్‌లో దీనికి ఒక పద్ధతే ఉందండి. 2001 నుంచి సాధారణ ఎన్నికలకి పార్లమెంటే ఒక కళాకారుణ్ణి నియమిస్తూ వచ్చింది. మొదటాయన జోనథన్ యో, మూడు ప్రధాన పార్టీల నాయకుల ముఖాలూ వేశాడు, కానీ ఎవరి పార్టీకి ఎన్ని ఓట్లొచ్చాయో దాన్నిబట్టి వాళ్ల బొమ్మ సైజు పెట్టాడు. పక్షపాతం అనడానికి ఇంకేముంది చెప్పండి, సైజు తేల్చింది ఓటర్లే కదా. 2010లో సైమన్ రాబర్ట్స్ అనే ఫొటోగ్రాఫర్ మోటార్‌హోమ్ వేసుకుని దేశమంతా తిరిగాడు. దాని పైకెక్కి తీసిన ఫొటోల్లో నాయకుడు ఎక్కడో చిన్నగా ఉంటాడు, చుట్టూ జనం, కెమెరాలవాళ్లు, ఇళ్లు, చెట్లు. ముఖం తీసేయక్కర్లేదు, అది ఎంత చోటు తీసుకుంటోందో చూసుకోండి.

మెరకవీధి
నేను టీచర్ని, ఆ ఎన్నికల్లో వీడియో నిఘా బృందంలో డ్యూటీ పడింది. మీరు బొమ్మలు వేసిన సభల్లాంటి వాటిలోనే మేం కుర్చీలు, వాహనాలు, దండలు, జెండాలు అన్నీ రికార్డు చేసేవాళ్లం. టీకీ, బిర్యానీకీ, కుర్చీ అద్దెకీ జిల్లా అధికారులు ముందే రేట్ల పట్టిక ఇస్తారు, దాని ప్రకారం లెక్కగట్టి అభ్యర్థి ఖర్చులో రాస్తారు. అసెంబ్లీ అభ్యర్థికి పరిమితి 40 లక్షలు. మీ దగ్గర సభ అయిపోయాక బోర్లాపడిన కుర్చీలు, తొక్కేసిన మజ్జిగ ప్యాకెట్లు ఉంటే మీ జిల్లా పట్టిక సంపాదించి వాటి పక్కనే పెట్టండి. మేం లెక్క రాసుకుని వచ్చేశాం గానీ ఆ ఎండలో కూర్చున్నవాళ్ల ముఖాలు ఏ కాగితంలోనూ లేవు.

సున్నపుగోడ
పార్టీలవారీగా లెక్క సరిచేయడానికి ఇప్పుడు ఇంట్లో కూర్చుని కొత్త బొమ్మలు మాత్రం వేయకు తమ్ముడూ. ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎన్నింటికి వేశావో ప్రతి బొమ్మ కిందా రాయి. ఆ రోజు ఏ పార్టీ అక్కడికొచ్చిందో అదే వేశావు, అందులో తప్పేముంది? చెమటకి సిరా అలుక్కుపోయిన పేజీలుంటే వాటిని కూడా పెట్టు, శుభ్రం చేయించొద్దు.

గోదారిగీత
మేడమ్, అన్నా, అందరికీ చాలా థాంక్స్. రాత్రి పుస్తకాలన్నీ మళ్లీ తిరగేశాను. ఒక రోడ్‌షోలో క్రేన్‌తో గజమాల ఎత్తిన బొమ్మ ఉంది. మధ్యాహ్నం నుంచి క్రేన్ డ్రైవర్ క్యాబిన్‌లోనే కూర్చుని తలకి తడి తువ్వాలు చుట్టుకుని ఎదురుచూశాడు, నాయకుడి వ్యాన్ వచ్చి దండ కింద ఆగింది మహా అయితే రెండు నిమిషాలు. ఆ పేజీలో డ్రైవర్ చెయ్యి పెద్దగా లీవర్ మీద ఉంది, నాయకుడు దండలోంచి బొటనవేలంత కనిపిస్తాడు. అప్పుడు కావాలని వేయలేదు, నేను నిలబడ్డ చోటు అలాంటిది. గ్యాలరీ వాళ్లకి ముందు అదే చూపిస్తాను, ముఖాలు తీయనని కూడా చెప్పేస్తాను. ఒప్పుకోకపోతే మా ఊరి గ్రంథాలయం హాలు అడుగుతా. పేజీలు చింపకుండా పుస్తకం తెరిచి పెట్టాలంటే ఎలాంటి స్టాండు వాడాలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.