అప్‌డేట్: సాంకేతిక బిడ్‌లో మార్కులు తగ్గించారని అడిగాను కదా

గత నెలలో అడిగిన ప్రశ్న ఇది: ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయం పారిశుద్ధ్య సేవల టెండరులో మా సాంకేతిక బిడ్‌కు (అనుభవం, అర్హతలు చూపే భాగం; ధర వేరే కవరులో ఉంటుంది) 64 మార్కులు వేసి, అర్హతకు 70 కావాలంటూ తిరస్కరించింది. ఏం చేయాలని అడిగాను.

నేరుగా హైకోర్టుకు వెళ్లవద్దని చెప్పినవారికి కృతజ్ఞతలు. కోర్టు నిర్ణయ ప్రక్రియనే చూస్తుంది తప్ప మార్కులు మళ్లీ వేయదని టెండర్ల విషయంలో సుప్రీంకోర్టు 1994లో ఇచ్చిన టాటా సెల్యులార్ తీర్పు చదివాక అర్థమైంది. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లకు వర్తించే 2017 సాధారణ ఆర్థిక నియమావళి 173వ నియమం ప్రకారం, తిరస్కరణను ప్రశ్నించే అవకాశం టెండరు పత్రంలోనే ఉండాలి. మా పత్రంలో ఉంది. గడువు పది రోజులు. ఎనిమిదో రోజున అర్జీ ఇచ్చాను.

"అన్యాయం జరిగింది" అని మొదట రాసిన రెండు పేజీలు చించేశాను. టెండరులోని అనుభవ నిబంధన, మా ధ్రువపత్రం పేజీ సంఖ్య, రావలసిన మార్కులు, ఇంతే రాశాను. రెండు ఆసుపత్రుల పనికి ఒకే ధ్రువపత్రం ఉండడంతో దాన్ని ఒకే పనిగా లెక్కించారు. ధరల బిడ్లు ఇంకా తెరవకపోవడం వల్ల కమిటీ మళ్లీ పరిశీలించింది. మార్కులు 72 అయ్యాయి.

కాంట్రాక్టు మాకు రాలేదు. మాకంటే తక్కువ ధర వేసినవారికి దక్కింది, దానిమీద నాకు ఫిర్యాదు లేదు. మా ధర కవరు తెరిచారు, నేను కోరింది అదే. బిడ్‌తో పాటు కట్టిన ధరావతు సొమ్ము మాత్రం ఇంకా తిరిగి రాలేదు; నిన్న లేఖ రాశాను.